మొండి వ్యర్థాలు – చక్రీయ ఆర్థిక సూత్రాలు: రాప్తాడు పరిసర పరిశ్రమల పరిశీలన

వ్యాస సంగ్రహం

అనంతపురం కరువు పీఠభూమిలో గత మూడు దశాబ్దాలలో గాలిమరలు, సౌర ఫలకాలు, బిందుసేద్యం, రాతి పాలిషింగ్, సిమెంటు, వస్త్ర పరిశ్రమలు విస్తరించాయి. వాటితో పాటు సులభంగా కుళ్ళని, తేలికగా కరగని, కొనేవారు లేని వ్యర్థాలు కూడా పెరుగుతున్నాయి. రాప్తాడును కేంద్రంగా తీసుకొని చుట్టుపక్కల పరిశ్రమల నుండి వెలువడే ఇటువంటి ‘మొండి వ్యర్థాల’ స్వభావాన్ని, వాటికి చక్రీయ ఆర్థిక సూత్రాలు ఎంతవరకు వర్తిస్తాయనే విషయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. నీటి లభ్యత, రవాణా దూరం, బాధ్యత ఎవరిదనే స్పష్టత అనే మూడు అంశాలే ఈ ప్రాంతంలో పునర్వినియోగ సాధ్యతను నిర్ణయిస్తాయని ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: చక్రీయ ఆర్థిక వ్యవస్థ, మొండి వ్యర్థాలు, రాప్తాడు, రామగిరి గాలిమరలు, తాడిపత్రి రాతి పొడి, బిందుసేద్యం, ధర్మవరం జరీ, పారిశ్రామిక సహజీవనం.

1. ఉపోద్ఘాతం

రాప్తాడు అనంతపురం నగరానికి దక్షిణంగా, 44వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ నేలను చేరేసరికి బలహీనపడతాయి. ఎర్రనేలల్లో వర్షాధారపు వేరుశనగ ఈ ప్రాంతపు ప్రధాన పంటగా స్థిరపడింది. బోరు నీరు దొరికిన చోట చీనీ, టమోటా వంటి తోటలు బిందుసేద్యంతో నిలిచాయి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలోనే ఉండగా, అదే శాసనసభ నియోజకవర్గంలోని రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి మండలాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి.

రాప్తాడుకు దక్షిణాన రామగిరి కొండల మీద గాలిమరలు, ఆగ్నేయాన ధర్మవరం మగ్గాలు, ఈశాన్యాన తాడిపత్రి రాతి పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు, ఉక్కు కర్మాగారాలు, పశ్చిమాన రాయదుర్గం జీన్స్ కుట్టు యూనిట్లు, ఆగ్నేయ దిశలోనే మరింత దూరాన నంబులపూలకుంట సౌర విద్యుత్ పార్కు ఉన్నాయి. వ్యర్థాలు పుట్టే చోట్లకూ, వాటిని ముడిసరుకుగా స్వీకరించగల కొలుములకూ మధ్య రాప్తాడు ఒక కూడలిలా ఉంది. ఈ భౌగోళిక స్థితి వల్లనే ఈ పరిశీలనకు రాప్తాడును కేంద్రంగా ఎంచుకోవడం జరిగింది.

2. చక్రీయ ఆర్థిక వ్యవస్థ – భావన

తవ్వి తీయడం, తయారుచేయడం, వాడి పారవేయడం అనే వరుసలో నడిచేది సరళరేఖా ఆర్థిక వ్యవస్థ. దీనికి ప్రత్యామ్నాయంగా వస్తువును వీలైనంత కాలం, వీలైనంత ఎక్కువ విలువతో వినియోగంలో నిలిపి ఉంచే విధానమే చక్రీయ ఆర్థిక వ్యవస్థ. భూమి ఒక మూసి ఉన్న నౌక వంటిదని 1966లో కెన్నెత్ బౌల్డింగ్ చేసిన ప్రతిపాదన, 1970లలో వాల్టర్ స్టాహెల్ చేసిన అధ్యయనాలు దీనికి పునాదులు. 2010లో స్థాపితమైన ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ ఈ భావనను మూడు సూత్రాలుగా క్రోడీకరించింది. వ్యర్థాన్ని, కాలుష్యాన్ని రూపకల్పన దశలోనే నివారించడం మొదటిది. వస్తువులను, పదార్థాలను అత్యధిక విలువ వద్ద తిప్పడం రెండవది. ప్రకృతిని పునరుజ్జీవింపజేయడం మూడవది.

పేరు కొత్తదైనా ఈ ఆచరణ రాయలసీమకు కొత్తది కాదు. వేరుశనగ కాయ ఒలిచాక మిగిలిన పొట్టు బట్టీలకు, బాయిలర్లకు ఇంధనం అవుతుంది. కట్టె పశువుల మేత అవుతుంది. నూనె తీసిన చెక్క దాణాగా, ఎరువుగా మళ్ళీ పొలానికే చేరుతుంది. పాత చీరలు బొంతలవుతాయి. విరిగిన ఇనుము గుజరీ అంగడికి చేరుతుంది. కాయ బరువులో పావు వంతుకు పైగా ఉండే పొట్టును ఏ రైతూ ‘చెత్త’ అని పిలవడు. కొనేవాడు ఉన్నంతకాలం ఏ పదార్థమూ వ్యర్థం కాదు. ఆ కొనేవాడు లేకపోవడమే ఆధునిక పదార్థాలతో వచ్చిన సమస్య.

3. మొండి వ్యర్థం – లక్షణాలు

తిరిగి రాని అప్పును మొండి బాకీ అంటారు. అదే తీరులో, తిరిగి ఉత్పత్తిలోకి రాని పదార్థాన్ని మొండి వ్యర్థం అనవచ్చు. ఒక పదార్థం మొండిగా మారడానికి ప్రధానంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది విడదీయలేని కలయిక: వేర్వేరు పదార్థాలు రసాయనికంగానో, జిగురుతోనో ఒకటైపోవడం. రెండవది తక్కువ విలువ, ఎక్కువ బరువు: రవాణా ఖర్చు సరుకు విలువను మించిపోవడం. మూడవది చెల్లాచెదురు: వేల పొలాల్లో, వందల యూనిట్లలో కొద్దికొద్దిగా ఉండడం. నాలుగవది కాలవ్యవధి: వస్తువు అమ్మినవాడికీ, అది పాడైననాడు దాన్ని చూసుకోవలసినవాడికీ మధ్య పాతికేళ్ళ దూరం ఉండడం.

ఈ నాలుగింటిలో ఏది ప్రధానమో గుర్తించకుండా పరిష్కారం సూచించడం నిష్ఫలం. కలయిక సమస్యకు సాంకేతికత, చెల్లాచెదురు సమస్యకు సేకరణ, కాలవ్యవధి సమస్యకు చట్టం అవసరమవుతాయి. ఈ కింది పరిశీలన ఆ దృష్టితోనే సాగుతుంది.

4. ప్రాంతీయ పరిశ్రమలు – పదార్థాల పరిశీలన

4.1 రామగిరి గాలిమరల రెక్కలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గాలి విద్యుత్తు తొలి అడుగులు వేసిన ప్రదేశాలలో రామగిరి ఒకటి. 1990లలో ఇక్కడ నెలకొల్పిన గాలిమరల సామర్థ్యం ఒక్కొక్కటి ఒక మెగావాట్‌కు చాలా తక్కువ. గాలిమర ఆయుర్దాయాన్ని సాధారణంగా 20 నుండి 25 సంవత్సరాలుగా లెక్కిస్తారు. అంటే ఆ తరం యంత్రాల ఆయుర్దాయం తీరిపోయింది. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016లో చిన్న యంత్రాల స్థానంలో పెద్దవాటిని నెలకొల్పే విధానాన్ని ప్రకటించి, 2023 డిసెంబరులో దానిని సవరించింది. ఈ విధానం అమలయ్యేకొద్దీ పాత యంత్రాలు నేలకు దిగుతాయి.

గాలిమర బరువులో 85 నుండి 90 శాతం వరకు ఉక్కు, ఇనుము, రాగి వంటి లోహాలు, కాంక్రీటు ఉంటాయి. వీటికి సంత ఉంది. మొండిది రెక్క. గాజు పోగులను ఎపాక్సీ లేదా పాలిఎస్టర్ రెసిన్‌తో బిగించి తయారుచేసే ఈ మిశ్రమం వేడికి కరగదు, నీటికి నానదు. ఒకసారి గట్టిపడిన రెసిన్ మళ్ళీ ద్రవరూపానికి రాదు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఇటువంటి రెక్కలను ముక్కలుచేసి భూమిలో పాతిపెట్టారు.

జర్మనీలో మరో మార్గం ఆచరణలోకి వచ్చింది. రెక్కలను చిన్న ముక్కలు చేసి సిమెంటు కొలిమికి పంపుతారు. రెసిన్ ఇంధనంగా మండుతుంది. గాజు పోగులలోని సిలికా, సున్నం, అల్యూమినా క్లింకర్‌లో కలిసిపోతాయి. కొలిమిలో పదార్థపు ఉష్ణోగ్రత సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ కాబట్టి బూడిద కూడా విడిగా మిగలదు. అయితే గాజు పోగులలో బోరాన్ ఉంటుంది. అది ఎక్కువైతే సిమెంటు గట్టిపడే వేగం తగ్గుతుంది. కనుక కొలిమికి అందించే మోతాదుకు పరిమితి తప్పదు.

ఈ ప్రాంతానికి ఉన్న అనుకూలత ఇక్కడే స్పష్టమవుతుంది. రామగిరి కొండల నుండి తాడిపత్రి సమీపంలోని సిమెంటు కర్మాగారాలకు రోడ్డు దూరం సుమారు 100 కి.మీ. ఆ దారి రాప్తాడు మీదుగానే సాగుతుంది. పొడవైన రెక్కను యథాతథంగా తరలించడం ఖరీదైన పని. కొండ దగ్గరే కోసి తరలిస్తే ఖర్చు తగ్గుతుంది. అయితే కోతలో లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఆవరణ, ధూళి పీల్చే యంత్రం లేకుండా ఆరుబయట కోయించడం వ్యర్థపు భారాన్ని కూలీల ఊపిరితిత్తుల మీదికి మార్చడమే అవుతుంది.

సిమెంటు కొలిమి చివరి మెట్టు మాత్రమే. అందులో గాజు పోగు తన బలాన్ని కోల్పోయి సాధారణ ఖనిజంగా మారిపోతుంది. ‘అత్యధిక విలువ వద్ద తిప్పడం’ అనే సూత్రం ప్రకారం అంతకు ముందు మెట్లను పరిశీలించాలి. ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో 2022లో పాత రెక్కలను దూలాలుగా వాడి పాదచారుల వంతెన నిర్మించారు. రామగిరి తరం రెక్కలు పొట్టివి కాబట్టి పశువుల పాకలకు, పంట నిల్వ షెడ్లకు దూలాలుగా వాడే అవకాశాన్ని ఇంజనీరింగ్ కళాశాలలు పరీక్షించవచ్చు.

4.2 సౌర ఫలకాలు

నంబులపూలకుంట సౌర పార్కులో తొలి 250 మెగావాట్ల విభాగం 2016లో పూర్తయింది. 300 వాట్లకు కొంచెం పైబడిన ఫలకం సుమారు 22 కిలోలు తూగుతుందనుకుంటే, ఒక మెగావాట్‌కు దాదాపు 70 టన్నులు, 250 మెగావాట్లకు 17,500 టన్నుల ఫలకాలు అవుతాయి. ఇది అంచనా లెక్క మాత్రమే. అయినా రాబోయే పరిమాణాన్ని ఊహించడానికి ఉపకరిస్తుంది.

ఫలకం బరువులో దాదాపు మూడు వంతులు గాజే. అల్యూమినియం చట్రాన్ని ఊడదీయడం తేలిక. రాగి తీగలకు వెంటనే గిరాకీ ఉంటుంది. గాజుకూ సిలికాన్ కణానికీ మధ్య ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర అసలు చిక్కు. దాన్ని వేడితోగానీ రసాయనాలతోగానీ తొలగిస్తే తప్ప సిలికాన్, వెండి చేతికి రావు. అనుమతి లేని చోట్ల జరిగేది చట్రం, తీగలు మాత్రం తీసుకొని మిగిలినదాన్ని పారవేయడం.

ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 సౌర ఫలకాలను తమ పరిధిలోకి తెచ్చాయి. ఇవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి. 2034–35 వరకు ఉత్పన్నమయ్యే ఫలకాల వ్యర్థాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాల ప్రకారం ఉత్పత్తిదారులు నిల్వ చేయాలని ఆ నిబంధనలు చెబుతున్నాయి. రవాణాలో పగిలినవి, వడగళ్ళకు దెబ్బతిన్నవి, మార్పిడిలో తొలగించినవి ఆయుర్దాయం తీరకముందే వ్యర్థాలవుతాయి. కనుక నిల్వ ప్రశ్న పాతికేళ్ళ తరువాతిది కాదు, ఇప్పటిది.

4.3 బిందుసేద్యపు గొట్టాలు, మల్చింగ్ షీట్లు

2003లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం అనంతపురం రైతుకు నిజమైన మేలు చేసింది. అదే మేలు తన వెంట ప్లాస్టిక్‌నూ పొలంలోకి తెచ్చింది. 1.2 మీటర్ల ఎడంతో గొట్టాలు పరిస్తే హెక్టారుకు సుమారు 8,300 మీటర్లు పడతాయి. మీటరుకు 40 గ్రాముల లెక్కన అది 330 కిలోలకు పైమాటే. 30 మైక్రాన్ల మల్చింగ్ షీటు హెక్టారులో 60 శాతం మేర కప్పితే మరో 165 కిలోలు అవుతుంది. గొట్టం కొన్నేళ్ళు నిలుస్తుంది. షీటు ఒకటి రెండు పంటలకే చిరిగిపోతుంది.

గొట్టాలు, షీట్లు రెండూ పాలిథీన్ జాతివే అయినా వాటి గతులు వేరు. పాత గొట్టాలకు గుజరీ వ్యాపారి కిలో లెక్కన ధర కడతాడు. అవి గుళికలుగా మారి నాసిరకపు పైపులు, నల్ల షీట్లు అవుతాయి. షీటును మాత్రం కొనేవారు అరుదు. పలుచని పొరకు అంటిన మట్టి, కలుపు వేర్ల బరువు కొన్నిసార్లు ప్లాస్టిక్ బరువును మించుతుంది. శుభ్రం చేయాలంటే నీళ్ళు కావాలి. నీళ్ళు ఆదా చేయడానికి వచ్చిన వస్తువును తిరిగి వాడడానికి నీళ్ళు ఖర్చుచేయవలసి రావడం ఈ పీఠభూమిలో చక్రీయతకు ఎదురయ్యే ప్రధాన వైరుధ్యం. అందుకే చాలా షీట్లు గట్ల మీద కాలిపోతాయి, లేదా దుక్కిలో ముక్కలై నేలలో కలిసిపోతాయి.

చట్టంలోనూ ఖాళీ ఉంది. ప్లాస్టిక్ వ్యర్థాలపై 2022లో వచ్చిన విస్తరిత ఉత్పత్తిదారు బాధ్యత మార్గదర్శకాలు ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. ఎరువుల సంచి వాటి పరిధిలోకి వస్తుంది. బిందుసేద్యపు గొట్టం ప్యాకింగ్ కాదు. అయినా ఒక సులువైన మార్గం ఉంది. నిర్ణీత కాలం తరువాత అదే భూమికి మళ్ళీ రాయితీ ఇచ్చే సందర్భంలో పాత గొట్టాలను అప్పగించడాన్ని షరతుగా పెట్టి, వాటి విలువను రైతు వాటాలో తగ్గిస్తే చెల్లాచెదురుగా ఉన్న సరుకు ఒకచోటికి చేరుతుంది. షీట్ల విషయంలో మట్టిని నీటితో కాక, ఎండబెట్టి దులిపే పొడి పద్ధతి ఈ వాతావరణానికి తగినది. ఎండకు ఇక్కడ కొరత లేదు.

4.4 తాడిపత్రి రాతి పొడి

తాడిపత్రి నాపరాళ్ళకు, గ్రానైటు పాలిషింగ్‌కు పేరుపొందింది. రాతిని కోసి నునుపు చేసే క్రమంలో రాయి బరువులో గణనీయమైన భాగం పొడిగా మారి నీటిలో కలుస్తుంది. ఈ బురద ఎండితే తెల్లని ధూళిగా లేచి చెట్లమీద, ఇళ్ళమీద పేరుకుంటుంది. తడిగా ఉంటే నేల రంధ్రాలను మూసి వాన నీటిని ఇంకనివ్వదు. అసలే తక్కువ వర్షం కురిసే చోట ఇది చిన్న నష్టం కాదు.

నాపరాయి రసాయనికంగా సున్నపురాయి. దాని పొడి కాల్షియం కార్బొనేటు, అంటే సిమెంటుకు మూల ముడిసరుకు. గ్రానైటు పొడిలో సిలికా, అల్యూమినా ఎక్కువ. అది ఇటుకలకు, పేవర్ దిమ్మెలకు, కాంక్రీటులో ఇసుకకు పాక్షిక ప్రత్యామ్నాయంగా ఉపకరిస్తుంది. విడిగా ఉన్నప్పుడు రెండింటికీ విలువ ఉంది. ఒకే గుంటలో కలిపితే కూర్పు నిలకడ లేక రెండూ విలువ కోల్పోతాయి. ఇక్కడ మొండితనం పదార్థంలో లేదు, కలపడంలో ఉంది. దీనికి వేరువేరు గుంటలు, వేరువేరు లారీలు చాలు. గొప్ప సాంకేతికత అవసరం లేదు.

ఫిల్టర్ ప్రెస్ అమర్చితే బురద నుండి నీరు విడిపోయి మళ్ళీ కోతకు వెళ్తుంది, పొడి గట్టి పలకలుగా వస్తుంది. చిన్న యూనిట్లు ఒక్కొక్కటిగా దీన్ని భరించలేవు కాబట్టి ఉమ్మడి కేంద్రమే మార్గం. గ్రానైటు ధూళిలోని స్ఫటిక సిలికా సిలికోసిస్‌కు కారణం. తడి కోత, మూసిన రవాణా ఆరోగ్యపరంగానూ తప్పనిసరి.

4.5 ధర్మవరం జరీ, రాయదుర్గం జీన్స్ ముక్కలు

పదార్థం మారితే పాత చక్రం ఎలా తెగిపోతుందో చెప్పడానికి జరీని మించిన ఉదాహరణ లేదు. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ వెండి తీగ, దానిపై బంగారు పూత ఉండేవి. చీర చిరిగినా జరీకి ధర పలికేది. వీధుల్లో తిరిగి పాత పట్టుచీరలు కొని, కాల్చి, వెండి రాబట్టే వ్యాపారం దానిమీదే నడిచింది. ఇప్పుడు రాగి ఆధారిత జరీ, లోహపు పూత వేసిన పాలిఎస్టర్ జరీ విరివిగా వాడుకలోకి వచ్చాయి. చీర ధర అందుబాటులోకి వచ్చింది గానీ, చివరి విలువ పోయింది. పాలిఎస్టర్ జరీని పట్టు నుండి వేరుచేయడం ఖర్చుకు తగని పని. కాల్చితే విషపు పొగ తప్ప వెండి రాదు.

రాయదుర్గం కుట్టు యూనిట్ల జీన్స్ ముక్కలదీ ఇదే తీరు. పూర్తి నూలు డెనిమ్‌ను పీకి మళ్ళీ నూలుగా, దూదిగా మార్చవచ్చు. సాగే గుణం కోసం ఎలాస్టేన్ కలిపిన డెనిమ్ ఆ యంత్రాలకు లొంగదు. కత్తిరింపు బల్ల వద్దనే రెండు రకాలను వేరుచేస్తే మొదటిదానికైనా విలువ దక్కుతుంది.

5. పారిశ్రామిక సహజీవనం – రెండు పాఠాలు

ఒక పరిశ్రమ వ్యర్థం మరొకదానికి ముడిసరుకయ్యే ఏర్పాటును పారిశ్రామిక సహజీవనం అంటారు. డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడి ఏర్పాటుకు నాంది పలికింది పర్యావరణ ఆదర్శం కాదు, నీటి కొరత. 1961లో భూగర్భ జలాన్ని కాపాడేందుకు చమురు శుద్ధి కర్మాగారానికి తిస్సో సరస్సు నీటిని తెచ్చే పథకంతో అది మొదలైంది. తరువాత వాయువు, ఆవిరి, జిప్సం మార్పిడులు ఒక్కొక్కటిగా చేరాయి. నీటి కొరతే సహకారానికి బీజం కాగలదనేది అనంతపురానికి అందులోని పాఠం.

రెండవ పాఠం స్వదేశంలోనిది. థర్మల్ కేంద్రాల బూడిద ఒకప్పుడు మొండి వ్యర్థమే. 1999 నాటి కేంద్ర ప్రకటన థర్మల్ కేంద్రానికి 50 కి.మీ. పరిధిలోని ఇటుక తయారీలో బూడిద వాడకాన్ని తప్పనిసరి చేసింది. ఆ పరిధి 2003లో 100 కి.మీ.కు, 2016లో 300 కి.మీ.కు పెరిగింది. క్రమంగా బూడిద సిమెంటుకు, ఇటుకలకు ముడిసరుకుగా మారింది. పదార్థం మారలేదు. దూరం, బాధ్యత స్పష్టంగా నిర్ణయించిన నియమం సంతను సృష్టించింది. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రం పొరుగున ఉన్నందున ఈ అనుభవం ఈ ప్రాంతానికి పరిచితమే.

6. ప్రతిపాదనలు

పై పరిశీలన నుండి కొన్ని ఆచరణీయ అంశాలు తేలుతున్నాయి.

1. రాప్తాడు పరిసరాల్లో జాతీయ రహదారికి దగ్గరగా ఒక ఉమ్మడి సేకరణ, వర్గీకరణ కేంద్రం ఉండాలి. గొట్టాలు, షీట్లు, పగిలిన ఫలకాలు, రెక్కల ముక్కలు అక్కడ విడివిడిగా చేరాలి. ఆంధ్రప్రదేశ్ పర్యావరణ నిర్వహణ సంస్థ 2020లో తెచ్చిన ఆన్‌లైన్ వ్యర్థాల మార్పిడి వేదిక వంటి వాటికి ఇటువంటి భౌతిక కేంద్రం తోడైతేనే చిన్న యూనిట్లకు ఉపయోగం.

2. గాలిమరల మార్పిడికి అనుమతి ఇచ్చే దశలోనే రెక్కల తుది గమ్యాన్ని లిఖితపూర్వకంగా కోరాలి. అందుకు తగిన మొత్తాన్ని ముందే జమ చేయించాలి.

3. ఏ పునర్వినియోగ పద్ధతినైనా ఆమోదించే ముందు టన్నుకు ఎంత నీరు ఖర్చవుతుందో లెక్కించాలి. కరువు ప్రాంతంలో ఖర్చు, కర్బన ఉద్గారాలతో పాటు నీరు కూడా కొలమానం కావాలి.

4. గుజరీ వ్యాపారులను, పాత సామాన్లు ఏరేవారిని ఈ వ్యవస్థలో భాగస్వాములుగా గుర్తించాలి. చెల్లాచెదురైన సరుకును ఒకచోట చేర్చే నైపుణ్యం వారిదే. వారిని పక్కన పెట్టి కట్టిన కేంద్రానికి సరుకు రాదు.

5. అనంతపురంలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో పదార్థాల రసాయనంతో పాటు రైతుల, కూలీల అనుభవాన్నీ నమోదుచేసే అంతశ్శాస్త్రీయ పరిశోధనలు జరగాలి. మండలాలవారీ వ్యర్థాల పట్టిక తయారీ అందులో తొలి పని.

ముగింపు

రామగిరిలో బంగారు గనులు మూతపడ్డాయి. బంగారం వెళ్ళిపోయింది, రాతిపిండి గుట్టలు మిగిలాయి. ఒక వనరు తరలిపోయి వ్యర్థం మాత్రమే స్థానికులకు మిగిలే తీరును ఈ నేల ఒకసారి చూసింది. గాలి, ఎండ తరగని వనరులే గానీ, వాటిని పట్టే యంత్రాలు తరిగేవే. వాటి చివరి బాధ్యతను ఇప్పుడే నిర్ణయించకపోతే అదే చరిత్ర కొండల మీద రెక్కలుగా, బీళ్ళలో పగిలిన ఫలకాలుగా, చేలల్లో ప్లాస్టిక్ పేలికలుగా పునరావృతమవుతుంది.

మొండి వ్యర్థాలన్నీ ఒకే రకంగా మొండివి కావు. రాతి పొడికి కావలసింది వేరుచేయడం. గొట్టాలకు కావలసింది సేకరణ. రెక్కలకు, ఫలకాలకు కావలసింది ముందుచూపు గల నియమం. జరీకి, జీన్స్‌కు కావలసింది తయారీ దశలోనే ఎంపిక. వేరుశనగ పొట్టును వ్యర్థం కానివ్వని నేలకు చక్రీయ ఆర్థిక సూత్రాలు పరాయివి కావు. ఆ పాత వివేకాన్ని కొత్త పదార్థాలకు విస్తరింపజేయడానికి నీరు, దూరం, బాధ్యత అనే మూడు కొలతలను ఆధారం చేసుకోవడం అవసరం.